ఆకు మీద గీతలు గీసినదెవరు?

రావి ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూసినవారికి అందులో ఒక దేశపటం కనిపిస్తుంది. తొడిమ నుండి తోక వంటి కొన వరకు సాగే నడి ఈనె ఒక రాజమార్గం. దాని ఇరువైపులా చీలిపోయే పక్క ఈనెలు పెద్ద బాటలు. వాటి నుండి పుట్టే పిల్ల ఈనెలు ఊళ్లను కలిపే దారులు. ఆ దారుల నడుమ కంటికి ఆనీ ఆనని సందులు మరెన్నో. పక్క ఈనె ఏదీ అంచు దాకా పోయి అక్కడ తెగిపోదు. అంచు సమీపించగానే వంగి పై ఈనెతో చేయి కలుపుతుంది. అరచేతిలో ఇమిడే వస్తువులో ఇంతటి రహదారి వ్యవస్థ ఉన్నది. అయినా రాలిన ఆకును తొక్కుకుంటూ నడిచిపోవడమే మనకు అలవాటు.

తెలుగులో ఈ గీతను ఈనె అంటాము. కొబ్బరాకును చీల్చి చీపురు కట్టేవారికి ఆ మాట బాగా తెలుసు. ఈనె అనగానే వంగినా విరగని బిరుసుదనం గుర్తుకు వస్తుంది. ఉర్దూలో దీనినే రగ్ అంటారు. మనిషి ఒంట్లో నెత్తురు పారే నాళానికీ, ఆకులోని గీతకూ ఆ భాషలో మాట ఒకటే. ఉర్దూ కవిత్వంలో పూరేకులోని సన్నని గీతకు రగె గుల్ అన్న సొగసైన పేరు ఉన్నది. మా వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల దగ్గర ఈ మాట, పక్క బల్ల దగ్గర ఆ మాట వినిపిస్తూ ఉంటాయి. రెండు మాటలూ కలిస్తేనే ఆ వస్తువు స్వభావం పూర్తి అవుతుందని నాకు తోస్తుంది. ఈనె అన్న మాటలో బలం ఉన్నది. రగ్ అన్న మాటలో ప్రవాహం ఉన్నది. ఆకును విప్పి నిలబెట్టేదీ అదే, ఆకును బతికించేదీ అదే. వేరు పీల్చిన నీరు ఈనెలోని దారువు గుండా ఆకుకు చేరుతుంది. ఆకు వండిన చక్కెర ఈనెలోని పోషక కణజాలం గుండా తక్కిన మొక్కకు పోతుంది.

పాఠ్యగ్రంథాలు ఈనెల వ్యాపనాన్ని రెండు ముక్కలలో చెప్పి ముగిస్తాయి. ద్విదళబీజాలలో జాలాకారం, ఏకదళబీజాలలో సమాంతరం. మామిడి, మందారం మొదటిదానికి ఉదాహరణలు. వరి, అరటి రెండవదానికి. విద్యార్థులు పెన్సిల్ చెక్కుకొని, ఆకును చూడకుండానే, నిరుటి రికార్డు పుస్తకంలోని బొమ్మను చూసి గీస్తారు. పరీక్షకు ఆ మాత్రం చాలు. కాని ఒక బొమ్మకు పేరు పెట్టడం వేరు, ఆ బొమ్మ ఎట్లా పుట్టిందని అడగడం వేరు. ఆకు మొగ్గలో ఉన్నప్పుడు అందులో ఒక్క గీత కూడ లేదు. అన్నీ ఒకే పోలికలో ఉన్న మెత్తని కణాలు. కొద్ది దినాలలో వాటిలో కొన్ని వరుస కట్టి ఈనెలవుతాయి, పక్కనున్నవి కావు. ఆ ఎంపిక చేసినది ఏది?

జన్యువులలో పటం ముందే గీసి ఉంటుంది అన్నది అందరికీ మొదట తట్టే సమాధానం. దానిని పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒకే కొమ్మ నుండి రెండు రావి ఆకులను కోసి మూడు నాలుగు వారాలు నీటిలో నానవేయాలి. మెత్తబడిన పచ్చని కండను కుంచెతో మెల్లగా తుడిచివేస్తే ఈనెల వల మాత్రం మిగులుతుంది. ఆ వలలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. ప్రతి సంవత్సరం ఈ పని చేయిస్తాను. ప్రతి సంవత్సరం బల్ల చుట్టూ మూగిన తలలలో అదే నిశ్శబ్దం చూస్తాను. పెద్ద ఈనెల పోకడ రెండింటిలోనూ ఒకటే. కాని చిన్న ఈనెలు కట్టిన గళ్ళు ఎంత తిప్పి పెట్టినా సరిపడవు. ఒకే కొమ్మ, ఒకే జన్యు సంపద, ఒకే ఎండ. అయినా ఏ రెండు ఆకులలోనూ సన్నని వల ఒక్క తీరుగా లేదు. వంశపారంపర్యంగా ఆకుకు వచ్చినది తయారైన పటం కాదని, పటం గీసుకునే పద్ధతి మాత్రమేనని దీనివలన ఊహించవచ్చును. ఆ పద్ధతిని వెదికిన శాస్త్రజ్ఞుల కథ నూట నలభై ఏళ్ళకు పైబడినది.

ఛార్లెస్ డార్విన్, అతని కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో మొక్కల చలనాలను గురించి ఒక గ్రంథం ప్రకటించారు. గడ్డి మొలక వెలుతురు వైపు వంగుతుంది. మొలక కొనకు చిన్న టోపీ తొడిగి వెలుతురు తగలకుండా చేస్తే వంగదు. వంగేది కింది భాగం, వెలుతురును గుర్తించేది కొన. కనుక కొన నుండి కిందికి ఏదో ప్రభావం దిగివస్తున్నదని వారు నిర్ణయించారు. ఆ ప్రభావం ఒక పదార్థమేనని హాలండు దేశీయుడైన ఫ్రిట్స్ వెంట్ 1928 నాటికి నిరూపించాడు. ఓట్ మొలకల కొనలను కోసి అగార్ ముక్కల మీద నిలిపి, తరువాత ఆ ముక్కలను కొన లేని మొలకకు ఒక పక్కగా అంటించాడు. చీకటిలోనే ఆ మొలక రెండవ పక్కకు వంగింది. పెరుగుదల అన్న అర్థమిచ్చే గ్రీకు మాట నుండి ఆ పదార్థానికి ఆక్సిన్ అన్న పేరు వచ్చింది. 1934లో కోగ్ల్ బృందం ఇండోల్ ఎసిటిక్ ఆమ్లాన్ని వేరుచేసింది. వారు దానిని రాబట్టినది ఏ చెట్టు నుండీ కాదు, మనుషుల మూత్రం నుండి! మొక్కలలోని ముఖ్యమైన ఆక్సిన్ అదేనని తరువాత తేలింది.

ఆక్సిన్ మొక్కను పొడవుగా పెంచుతుందని అందరూ ఒప్పుకున్నారు. అది దారులు కూడ వేస్తుందని చూపినవాడు విలియం జేకబ్స్. 1952లో అతడు కోలియస్ మొక్క కాండంలో ఒక నాళికాపుంజాన్ని కోసివేశాడు. మన పెరళ్ళలో కుండీలలో రంగురంగుల ఆకులతో పెరిగేది ఈ మొక్కే. కొద్ది దినాలలో గాయం చుట్టూ కొత్త దారుకణాలు పుట్టి, తెగిన పై కొసను కింది కొసతో కలిపాయి. వంతెన కూలిన చోట బండ్లు చుట్టుదారి పట్టినట్లు మొక్క తన గాయాన్ని చుట్టివచ్చింది. గాయానికి పైనున్న ఆకులను తుంచివేస్తే ఆ చుట్టుదారి సరిగా ఏర్పడలేదు. తుంచిన ఆకు స్థానంలో ఆక్సిన్ పూస్తే మళ్ళీ ఏర్పడింది. లేత ఆకు పంపే ఆక్సినే దారి వేయించే సందేశమని దీనితో స్పష్టమైంది.

తరువాతి అడుగు యెరూషలేములోని హిబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన త్స్వీ సాక్స్ వేశాడు. 1969లో అతడు ప్రకటించిన ప్రయోగాలలో వాడినవి బఠానీ మొలకలు, ఉన్ని కొవ్వులో కలిపిన ఆక్సిన్ ముద్ద, ఒక పదునైన కత్తి. మొలక పక్కన ఆక్సిన్ అంటిస్తే అక్కడి నుండి మామూలు మృదుకణజాలం గుండా ఒక కొత్త నాళం పుట్టి, నడుమనున్న పాత నాళాన్ని చేరుకున్నది. ఇంతవరకు ఆశ్చర్యం లేదు. కాని పాత నాళంలో కూడ అప్పటికే ఆక్సిన్ నిండుగా ప్రవహిస్తున్నట్లైతే కొత్త నాళం దానితో కలియలేదు. దాని పక్కనే తప్పించుకొని పోయింది. పాత నాళానికి ఆక్సిన్ రాక ఆపివేస్తే కొత్తది వచ్చి కలిసింది. నిండిన నాళం కొత్తవారిని పిలవదు. వట్టిపోయిన నాళం పిలుస్తుంది. ఈ ఒక్క మాటను నేను చాలాకాలం మనసులో ఉంచుకున్నాను. దాని ప్రసక్తి మళ్ళీ తెస్తాను.

ఈ ప్రయోగాల నుండి సాక్స్ నిర్మించిన ఊహను కాలువకట్టు సిద్ధాంతమని మనము పిలుచుకోవచ్చును. దాని సారం చాలా సులభం. ఆక్సిన్ మొదట కణాల గుండా ఎటు పడితే అటు కొద్దికొద్దిగా ఇంకుతుంది. ఏ కణం గుండా కాస్త ఎక్కువ ప్రవహించిందో ఆ కణం ఆక్సిన్‌ను మోయడంలో ఇంకాస్త నేర్పరి అవుతుంది. నేర్పరి అయినందున దాని గుండా మరింత ప్రవహిస్తుంది. మరింత ప్రవహించినందున మరింత నేర్పు. తొలకరి వానకు దున్నిన చేలో నీరు మొదట పలుచగా పరుచుకొని, కొద్దిసేపటికి ఒకచోట చిన్న గాడి చేసుకొని, చివరకు ఆ గాడిలోనే పారడం రైతులందరూ ఎరిగినదే. గాడి పడిన తరువాత చుట్టుపక్కల నీరంతా అందులోకే దిగుతుంది. కనుక దాని పక్కనే మరొక గాడి పడదు. ఆకులోనూ అంతే. ఆక్సిన్ బాగా మోసే కణాల వరుస పక్కనున్న కణాల ఆక్సిన్‌ను లాగివేస్తుంది. వరుసలోనివి ఈనె అవుతాయి, పక్కవి పచ్చని కండగా మిగులుతాయి. కేంబ్రిడ్జిలో గ్రేయమ్ మిచిసన్ 1980, 1981 సంవత్సరాలలో ఈ ఊహకు గణిత రూపమిచ్చి, లెక్క ప్రకారం కూడ ఇట్టి దారులు వాటంతట అవే ఏర్పడగలవని చూపాడు.

ఐతే చేలో నీరు పల్లానికి పారుతుంది. ఆకులో పల్లమేది? కణం నుండి కణానికి ఆక్సిన్ ఒకే దిశగా పోవడానికి కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారిలో ఒకరికి మన నేలతో సంబంధమున్నది. 1974లో కేంబ్రిడ్జికి చెందిన రూబెరీ, రూపర్ట్ షెల్‌డ్రేక్ ఇద్దరూ, ఆ మరుసటి సంవత్సరం జాన్ రావెన్ విడిగా, ఒక వివరణ ఇచ్చారు. కణాల వెలుపలి గోడలో కొంత పులుపు, అనగా ఆమ్లత్వం ఉన్నది. లోపలి జీవపదార్థంలో అది లేదు. వెలుపల ఆక్సిన్ అణువులలో కొన్ని విద్యుదావేశం లేకుండా ఉంటాయి. అవి కణత్వచాన్ని దాటి సులభంగా లోపలికి వస్తాయి. లోపలికి రాగానే హైడ్రోజన్‌ను కోల్పోయి ఆవేశం పొందుతాయి. ఇక త్వచాన్ని దాటి తమంతట తాము బయటపడలేవు. వచ్చే గుమ్మాలు చుట్టూ ఉన్నవి, పోయే గుమ్మం మాత్రం కావలివాడు తెరిస్తేనే తెరుచుకుంటుంది. ఆ కావలివాళ్ళందరూ కణానికి ఒకే వైపున నిలిస్తే ఆక్సిన్ ఎప్పుడూ ఆ వైపు నుండే బయటికి పోతుంది. ఒక కణం కాదు, వందల కణాలు అదే వైపున కావలి పెట్టుకుంటే అదే ప్రవాహం. ఆ ప్రవాహ వేగం గంటకు సుమారు ఒక సెంటీమీటరు.

షెల్‌డ్రేక్ ఆ 1974లోనే హైదరాబాదు చేరి, పటాన్‌చెరులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో వృక్ష శరీరధర్మ శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. అక్కడ అతని పని కంది, శనగ పైర్లు. ఆక్సిన్ కణాల గుమ్మాలను గురించి ఆలోచించిన మనిషి మన కందిచేలలో తిరిగాడని చెప్పినప్పుడు మా విద్యార్థుల ముఖాలు వికసించడం చూశాను. శాస్త్రమంతా ఎక్కడో సముద్రాల అవతల పుడుతుందనుకునే పిల్లలకు పటాన్‌చెరు బస్సు ఎక్కి పోగలిగిన ఊరు.

ఆ కావలివాళ్ళు ఎవరన్నది మరి కొన్నేళ్ళకు గాని తేలలేదు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అన్న చిన్న కలుపుమొక్క ప్రపంచ ప్రయోగశాలలన్నింటికీ ముద్దుబిడ్డ. 1991లో జపాను శాస్త్రజ్ఞులు ఆ మొక్కలో ఒక విచిత్రమైన ఉత్పరివర్తకాన్ని వర్ణించారు. దాని పూల కాండం పూలు లేక బోడిగా గుండుసూదివలె నిలిచింది. అందుచేత దానికి పిన్ అని పేరు పెట్టారు. దానిలో ఆక్సిన్ రవాణా కుంటుపడి ఉన్నది. 1998లో ఆ జన్యువును పట్టుకొని చూడగా, అది తయారుచేసే మాంసకృత్తు నాళాల దగ్గరి కణాలలో సరిగ్గా అడుగు వైపునే గుమిగూడి కనిపించింది. సిద్ధాంతంలో ఇరవై ఏళ్ళకు పైగా ఊహారూపంలో ఉన్న కావలివాడు కంటికి చిక్కాడు. 1999లో రెండు వేర్వేరు ప్రయోగశాలలు లేత ఆకులకు ఆక్సిన్ రవాణాను అడ్డగించే మందు పెట్టి చూశాయి. ఆకు పెరిగింది, ఈనెలూ ఏర్పడ్డాయి, కాని వాటి పొందిక చెదిరిపోయింది. అంచు పొడుగునా ఈనెలు కిక్కిరిసి దళసరి పట్టీగా మారాయి. నడి ఈనె ఉండవలసిన చోట ఎన్నో ఈనెలు పక్కపక్కనే సాగాయి. బయటికి పోయే దారి మూసుకుపోయిన ఆక్సిన్ పుట్టిన చోటనే పేరుకొని, అక్కడనే దారుల మీద దారులు వేసింది.

ఇంతవరకు సిద్ధాంతానికి విజయమే. కాని దానికి ఒక చిక్కు మొదటి నుండీ ఉన్నది. గాడి పడిన నీరు పల్లానికి చేరి పెద్ద కాలువలో కలుస్తుంది. పిల్ల కాలువలు పెద్దవాటిలో కలవడమే గాని, పారే కాలువ వెనుదిరిగి గొలుసు కట్టడం ఉండదు. అటువంటి ప్రవాహం కొమ్మలు గల చెట్టు ఆకారాన్ని ఇవ్వగలదు, వలను ఇవ్వలేదు. రావి ఆకులోనేమో ఏ గడి చూసినా నాలుగు వైపులా మూసుకొని ఉన్నది. మూసుకున్న గడిలో ప్రవాహం ఎటు పోతుంది?

2006లో స్కార్పెల్లా, బెర్లెత్ బృందం పిన్ మాంసకృత్తుకు పచ్చగా వెలిగే గుర్తును తగిలించి, అరబిడాప్సిస్ లేత ఆకులలో దాని కదలికను దినదినమూ గమనించింది. అర మిల్లీమీటరు కూడ లేని ఆకు మొలకలో ముందుగా కొన దగ్గర పైపొర కణాలు ఆక్సిన్‌ను ఒక బిందువు వైపు తోస్తాయి. అక్కడ పోగైన ఆక్సిన్ లోపలికి దిగి నడి ఈనెకు గాడి తీస్తుంది. తరువాత ఇరు అంచులలోనూ అట్టి బిందువులు ఏర్పడి పక్క ఈనెలు బయలుదేరుతాయి. ఇక మూసుకున్న గడి రహస్యం ఇది: ఆ గొలుసు ఒక ప్రవాహం కాదు, రెండు. ఒకటి ఒకవైపు నుండి, మరొకటి ఇంకొకవైపు నుండి బయలుదేరి కలుసుకుంటాయి. కలుసుకునే చోట ఒకే ఒక కణం ఉంటుంది. తక్కిన కణాలకు కావలివాళ్ళు ఒక కొసనే; ఈ కణానికి మాత్రం రెండు కొసలా ఉంటారు. ఇరుదిక్కులకూ ముఖం పెట్టిన ఆ ఒక్క కణం వలన చెట్టు వల అయినది.

కథ ఇక్కడ ముగిసిందనుకుంటే పొరపాటు. 2019లో స్కార్పెల్లా ప్రయోగశాలే తాము నమ్మిన సిద్ధాంతాన్ని కఠిన పరీక్షకు నిలిపింది. ఆక్సిన్‌ను మోసే వాహకాలన్నీ లోపించిన మొక్కలలో కూడ ఈనెలు ఏర్పడుతూనే ఉన్నాయని వారు చూపారు. ఆక్సిన్ సందేశాన్ని కణం వినే యంత్రాంగాన్ని కూడ దెబ్బతీస్తే పొందిక మరింత చెడింది. ఈ రెండింటికీ పైనుండి పనిచేసే జ్నోమ్ అన్న జన్యువు పూర్తిగా లోపించినప్పుడు గీతలే మాయమై, నాళకణాలు దిక్కుతోచక ముద్దలుగా మిగిలాయి. 2022లో అదే ప్రయోగశాల మరొక దారిని కనుగొన్నది. పక్కపక్క కణాల జీవపదార్థాన్ని కలిపే అతి సన్నని రంధ్రాల గుండా కూడ ఈ సందేశం సాగుతున్నది. ఆక్సిన్ ఒంటరి కూడ కాదు. గాడి పడిన కణాలు విభజన చెంది వరుస దళసరి కావడానికి సైటోకైనిన్, దారుకణాలు పక్వమవడానికి బ్రాసినోస్టిరాయిడ్లు తోడ్పడతాయి. చివరకు దారుకణం తన జీవపదార్థాన్ని పూర్తిగా పోగొట్టుకొని వట్టి గొట్టమై నిలుస్తుంది. అది చచ్చిపోతేనే నీటికి దారి. సాక్స్ ఊహ తప్పని ఎవరూ అనలేదు. అది గడపే గాని ఇల్లంతా కాదని తెలిసింది. తాము కట్టిన గోడను తామే తట్టి చూసుకున్న శాస్త్రజ్ఞుల నిజాయితీ నాకు ఆ ఫలితమంత విలువైనదిగా తోస్తుంది.

మొక్క ఇంత శ్రమపడి వల ఎందుకు అల్లుకున్నది? చెట్టు ఆకారమే చాలదా? జింకో అన్న పురాతన వృక్షపు ఆకులో ఈనెలు రెండుగా చీలుతూ పోతాయే గాని తిరిగి కలియవు. ఆ ఈనె ఒకచోట తెగితే దాని ముందున్న భాగానికి నీరు లేదు. నిమ్మ ఆకుకు రంధ్రం పొడిచి రంగునీరు పట్టిస్తే, రంగు ఆ రంధ్రాన్ని చుట్టుకొని అవతలికి చేరుతుంది. ఆకును పురుగు కొరుకుతుంది, గాలి చించుతుంది, నీటి అవసరం ఒకచోట పెరిగి మరొకచోట తగ్గుతుంది. ఇట్టి దెబ్బలను, ఒడిదుడుకులను తట్టుకోవలసిన జాలానికి గొలుసులే తగిన రూపమని 2010లో కొందరు భౌతిక శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపారు. అన్నీ సవ్యంగా సాగే లోకంలో వల దండుగ ఖర్చు. గాయాలు తప్పని లోకంలో అదే ప్రాణాధారం.

శాస్త్ర విషయం ఇంతటితో సమాప్తం. ఈ పత్రికలో, ఈ కళాశాల విద్యార్థుల కోసం నేను దీనిని వ్రాయడానికి మరొక కారణం ఉన్నది. మా దగ్గరికి వచ్చే పిల్లలలో చాలామంది తమ ఇంటి నుండి కళాశాల మెట్లెక్కిన మొదటివారు. తండ్రి బండి తోలేవాడో, తల్లి జరీ పని చేసేదో అయి ఉంటారు. రెండవ సంవత్సరం మధ్యలో ఒకనాడు ఒక అబ్బాయి వచ్చి, “నసీబ్ మే ఇత్తాచ్ లిఖా హై, సార్” అన్నాడు. చదువు మానుకుంటానని దాని అర్థం. మరొక అమ్మాయి తెలుగులో అదే మాట అన్నది: “మా ఇంట్లో ఎవ్వరూ ఈ దారిన పోలేదు సార్, నా తలరాత ఇంతే.” రెండు భాషల మాటా ఒకటే. ఎవరో ముందే గీసిన గీత, ఎవరూ చెరపలేని గీత. నసీబు, తలరాత అన్నవి విశ్వాసానికి సంబంధించినవి. వాటితో వాదించడం నా పని కాదు. నేను చెప్పగలిగినది ఆకును గురించి. ఆకు గీత ముందే గీసినది కాదు. మొదట ఆక్సిన్ పోయిన చోట దారి లేదు. పోయినందున దారి అయినది. మొదటి పోకలో సాగినది చాలా స్వల్పం, రెండవ పోక కొంచెం సులువు, పదవది మరింత సులువు.

అయితే ఆకును నీతిశతకంగా మార్చడం కూడ నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది చెప్పే మాటలో తీపితో పాటు చేదు ఉన్నది. బాగా పారే గాడి పక్కవాటిని ఎండగడుతుంది. ఒక వరుస ఈనె కావడానికి పక్క వరుస ఈనె కాకుండా పోవాలి. సాక్స్ చూపినట్లు, నిండిన నాళం కొత్త నాళాన్ని దగ్గరకు రానివ్వదు. మనుషుల లోకంలో ఈ న్యాయం మనము చూస్తూనే ఉన్నాము. చదువు పారిన ఇంట చదువు పారుతుంది. ఉద్యోగం పారిన వీధిన ఉద్యోగం పారుతుంది. కష్టపడితే చాలు, దారి అదే వస్తుంది అని ఆ అబ్బాయికి చెప్పడం సగం నిజమే. కొత్త దారి వచ్చి కలియడానికి ఎక్కడో ఒక పాత నాళం చోటిచ్చి ఎదురుచూస్తూ ఉండాలి. అది ఒక ఉపాధ్యాయుడు కావచ్చు, ఒక గ్రంథాలయం కావచ్చు, ఫీజు గడువును ఒక నెల పెంచిన గుమాస్తా కావచ్చు. మా వంటి కళాశాలలు ఎందుకున్నవని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. కొత్తవారిని తప్పించుకొని పొమ్మనే నిండు నాళం కాకుండా, వారిని పిలిచే నాళంగా ఉండడానికి.

ఆ అమ్మాయి చదువు పూర్తిచేసింది. ఆ అబ్బాయి మానుకున్నాడు. ఇద్దరి తెలివీ సమానమే. ఆమెకు దొరికిన ఆసరా అతనికి సకాలంలో దొరకలేదు. అంతకంటె పెద్ద కారణం నాకు కనిపించలేదు. అతని చెల్లెలు మరుసటి సంవత్సరం మా కళాశాలలోనే చేరింది. అన్న మూడు మైళ్ళు నడిచి వచ్చిన దారి ఆమెకు తెలుసు, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో తెలుసు, ఏ కిటికీ దగ్గర ఎవరిని అడగాలో తెలుసు. ఆ ఇంటి నుండి ఇక్కడికి ఒక సన్నని గాడి పడి ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, ఈ సంవత్సరం ప్రయోగశాల కిటికీ దగ్గర రెండు తొట్లలో రావి ఆకులు నానవేసి ఉన్నాయి. కండ కరిగిన తరువాత ఒక్కొక్కరూ ఒక్కొక్క ఆకును తీసుకోండి. నిరుటి రికార్డును పక్కన పెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక చదరపు సెంటీమీటరులో ఎన్ని గళ్ళున్నవో మీరే లెక్కపెట్టండి. మీ లెక్క పక్కవారి లెక్కతో సరిపడకపోతే చెరిపి దిద్దుకోవద్దు. రెండు లెక్కలూ వ్రాసి ఉంచండి.